పాముకాటు మీద పదకొండేళ్ల పని, ప్యానెల్ చూసింది "హెచ్-ఇండెక్స్ 6" ఒక్కటే

పింజర_డాక్టర్
నగర శివార్లలో ఒక ప్రైవేటు మెడికల్ కాలేజీలో జనరల్ మెడిసిన్ అసోసియేట్ ప్రొఫెసర్‌ని. పోయిన వారం ప్రొఫెసర్ పోస్టుకు ఇంటర్వ్యూ జరిగింది. పదకొండేళ్లుగా నేను రాసిందంతా పాముకాటు మీదే. రక్తపింజర కాటుకు కిడ్నీలు దెబ్బతిన్న రైతుల్ని ఏళ్ల తరబడి ఫాలో అప్ చేసి రాసిన పేపర్లు అవి. ప్యానెల్‌లో ఒకాయన నా ఫైల్ తెరవనే లేదు. ల్యాప్‌టాప్‌లో స్కోపస్ అనే పరిశోధన పేపర్ల డేటాబేస్ చూసి, "17 పేపర్లు, 135 సైటేషన్లు, హెచ్-ఇండెక్స్ 6. ఇంకో క్యాండిడేట్‌కు 21 ఉంది మేడమ్" అన్నారు. ఆ ఇంకో క్యాండిడేట్ షుగర్ మందుల అంతర్జాతీయ ట్రయల్స్‌లో పనిచేశారు. మంచి డాక్టర్, ఆయన మీద నాకు కోపం లేదు. ఈ 6 నా పని గురించి ఏం చెబుతోందో తెలుసుకోవాలని ఉంది. ఇంటికొచ్చాక రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

గణాంకాల_గోపి
ముందు ఆ 6 ఎలా వచ్చిందో చూద్దాం మేడమ్. 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త అమెరికాలో కట్టిన లెక్క ఇది. తన రంగం వాళ్లను దృష్టిలో పెట్టుకుని కట్టాడు, వార్డులో రౌండ్లు తిరిగే డాక్టర్లను కాదు. సైటేషన్ అంటే మీ పేపర్‌ను ఇంకొకరు తమ పేపర్‌లో ఉటంకించడం. సైటేషన్లు ఎక్కువ ఉన్న పేపర్ పైన, తక్కువ ఉన్నది కింద వచ్చేలా వరుసగా పెట్టండి. పై నుంచి లెక్కపెడుతూ వస్తే ఒక చోట పేపర్ వరుస నంబర్ కన్నా దాని సైటేషన్లు తక్కువవుతాయి. దానికి ముందు నంబరే హెచ్. మీ వరుస ఇక్కడ పెట్టండి.

పింజర_డాక్టర్
41, 27, 19, 12, 9, 7, 5, 4, 4, 3, 2, 1, 1. మిగతా నాలుగింటికి సున్నా.

గణాంకాల_గోపి
ఆరో పేపర్‌కు 7 ఉన్నాయి, సరిపోయింది. ఏడోదానికి 5, రెండు తక్కువ. ఆ ఒక్క పేపర్‌ను ఎవరైనా ఇంకో రెండుసార్లు ఉటంకిస్తే మీరు 7 అవుతారు. అదే మొదటి పేపర్‌కు 41 బదులు 4,100 వచ్చినా మీరు 6 దగ్గరే ఉంటారు. మీ జీవితంలో గొప్ప పేపర్ ఏదో ఈ లెక్కకు పట్టదు. పైగా ఈ అంకె ఎప్పటికీ తగ్గదు. మనిషి రాయడం మానేసినా పాత పేపర్లు దాన్ని పెంచుతూనే ఉంటాయి. అందుకే ఇరవై ఏళ్ల సర్వీసు ఉన్నవాళ్లను పదేళ్లవాళ్లతో దీని మీద పోల్చడం తప్పు. వేరే వేరే రంగాల వాళ్లను పోల్చడం ఇంకా పెద్ద తప్పు.

నైట్‌డ్యూటీ_రెసిడెంట్
రంగం తేడా అంటే ఏంటి సార్? సైటేషన్ ఎక్కడైనా సైటేషనే కదా.

గణాంకాల_గోపి
షుగర్ మీద ప్రపంచమంతా రాస్తుంది. రాసే ప్రతివాడూ ముప్పై, నలభై పేపర్లను ఉటంకిస్తాడు. పాముకాటు మీద రాసేవాళ్లే తక్కువ, కాబట్టి ఉటంకించేవాళ్లూ తక్కువ. మన దేశంలో పాముకాటుతో ఏడాదికి సగటున 58 వేల మంది చనిపోతున్నారని 2020లో ఒక పెద్ద అధ్యయనం తేల్చింది. 2000 నుంచి 2019 దాకా 12 లక్షల మరణాలు. చావులు ఎక్కువున్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉంది. ఇంత జరుగుతున్నా ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని నిర్లక్ష్యానికి గురైన వ్యాధుల జాబితాలోకి తీసుకున్నది 2017లో. పట్టించుకోని జబ్బు మీద పనిచేసేవాళ్లకు సైటేషన్లు ఎక్కడినుంచి వస్తాయి?

ట్రయల్_కోఆర్డినేటర్_బంజారా
షుగర్ ట్రయల్స్ వైపు నుంచి ఒక మాట. పెద్ద ట్రయల్ పేపర్ మీద యాభై, అరవై పేర్లు ఉంటాయి. దానికి వెయ్యి సైటేషన్లు వస్తే ఆ వెయ్యీ ప్రతి ఒక్కరి ఖాతాలోనూ పూర్తిగా పడతాయి, వాటాలు వేసుకోరు. కానీ దాన్ని ఉచితంగా వచ్చిన పేరు అనుకోవద్దు. ఒక సెంటర్ నడపాలంటే ఎథిక్స్ కమిటీ ఫైళ్లు, సంతకాలు, ఒక పేషెంట్ విజిట్‌కు రాకపోతే కరీంనగర్ దాకా ఫోన్లు. మా సార్ మూడేళ్లు అలా కష్టపడితే ముప్పై ఎనిమిదో పేరుగా వచ్చారు.

పింజర_డాక్టర్
ఆ కష్టం నాకు తెలుసండీ. అందుకే ఆయన మీద కోపం లేదన్నాను.

అమీర్‌పేట_అరవింద్
అందరూ అంకెల్ని తిడుతున్నారు. నేను ఒప్పుకోను. మా నాన్న ఒక మెడికల్ కాలేజీలో అనాటమీ చెప్పేవారు. ఆయన ప్రమోషన్ రెండుసార్లు ఆగింది. ఎందుకో ఎవరూ కాగితం మీద పెట్టలేదు. మూడోసారి ఎవరో పెద్దమనిషి ఫోన్ చేస్తే వచ్చింది, ఆ ఫోన్ చేయించుకున్నందుకు ఆయన చివరిదాకా బాధపడ్డారు. హెచ్-ఇండెక్స్ తప్పుడు కొలబద్దే కావచ్చు, కానీ అది అందరికీ కనిపించే కొలబద్ద. 6 ఎక్కడినుంచి వచ్చిందో ఈమె ఇక్కడ లెక్క కట్టి చూపించగలిగారు. పైరవీని లెక్క కట్టి చూపించగలరా?

పాత_ప్రొఫెసర్_తార్నాక
అరవింద్, మీ నాన్నగారి మాట చదివి మనసు కలుక్కుమంది. ఆ రోజులు నేనూ చూశాను. కానీ పైరవీకి మందు పేపర్ చదవడమేనయ్యా. ప్యానెల్‌లో నలుగురుంటే తలా రెండు పేపర్లు ముందురోజు రాత్రి చదువుకుని రావచ్చు. నేను ప్యానెల్‌లో కూర్చున్నప్పుడు అభ్యర్థిని మీ పేపర్లలో మీకు బాగా నచ్చిన మూడు చెప్పండి అని అడిగేవాణ్ని. ఆ మూడింటి మీదే అరగంట మాట్లాడించేవాణ్ని. పని చేసినవాడికీ పేరు పెట్టించుకున్నవాడికీ తేడా ఐదు నిమిషాల్లో తెలిసిపోయేది.

అమీర్‌పేట_అరవింద్
మీలాంటివాళ్లు ప్యానెల్‌లో ఉంటే సరే సార్. లేనప్పుడు?

పాత_ప్రొఫెసర్_తార్నాక
లేనప్పుడు అంకె కూడా కాపాడదు. మనకు కావలసినవాడికి అనుకూలమైన అంకె పట్టుకుంటారు. హెచ్ తక్కువైతే మొత్తం సైటేషన్లు అంటారు, అదీ తక్కువైతే ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అంటారు.

నైట్‌డ్యూటీ_రెసిడెంట్
ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అంటే గుర్తొచ్చింది. మా సీనియర్ ఒకరు "నా ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 5" అంటుంటారు. అలా అనొచ్చా?

లైబ్రరీ_కోఠి
అనకూడదు. అది పత్రికది, మనిషిది కాదు. ఒక పత్రిక గత రెండేళ్లలో వేసిన వ్యాసాలకు ఈ ఏడాది వచ్చిన సైటేషన్లను, ఆ వ్యాసాల సంఖ్యతో భాగిస్తే వచ్చే సగటు. తన సైటేషన్ సూచికలో ఏ పత్రికలు చేర్చాలో తేల్చుకోవడానికి యూజీన్ గార్‌ఫీల్డ్ అనే అమెరికన్ మొదలుపెట్టిన లెక్క, ఏ పత్రికలు కొనాలో తేల్చుకోవడానికి లైబ్రరీలకూ పనికొచ్చింది. ప్రపంచంలో అన్నిటికన్నా పైన కనిపించే ఒక క్యాన్సర్ పత్రికకు అది వందల్లో ఉంటుంది. కారణం, ఏటా అందులో వచ్చే క్యాన్సర్ గణాంకాల వ్యాసాన్ని ప్రపంచంలో అందరూ ఉటంకిస్తారు. పక్క పేజీలో ఉన్న వ్యాసాన్ని ఎవరూ చదవకపోయినా దానికీ ఆ పేరే వస్తుంది. వ్యక్తుల్ని దీనితో తూచవద్దని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో చేరిన సంపాదకులు, పరిశోధకులు డోరా అనే ప్రకటన రాశారు. అయినా మా లైబ్రరీకి ఫోన్ చేసేవాళ్లలో ఎక్కువమంది అడిగేది ఇంపాక్ట్ ఫ్యాక్టరే.

పింజర మేడమ్‌కు ఒక ప్రశ్న. మీ పేరు అన్ని పేపర్ల మీదా ఒకేలా ఉందా?

పింజర_డాక్టర్
లేదు. ఎండీ అయిన కొత్తలో రెండు పేపర్లు పుట్టింటి ఇంటిపేరుతో వచ్చాయి. పెళ్లయ్యాక పాస్‌పోర్టులో మారింది, తర్వాతవన్నీ కొత్త పేరుతో.

లైబ్రరీ_కోఠి
అనుకున్నాను! స్కోపస్‌లో మీరు ఇద్దరు మనుషులై ఉంటారు. పాత ఇంటిపేరుతో వెతికి చూడండి.

పింజర_డాక్టర్
ఉన్నాను. రెండు పేపర్లు, 11, 8 సైటేషన్లు. ఇన్నేళ్లు ఎవరూ చెప్పలేదు.

గణాంకాల_గోపి
కలిపి చూడండి: 41, 27, 19, 12, 11, 9, 8, 7, 5... ఏడోది 8, ఎనిమిదోది 7. కాబట్టి హెచ్ 7, మొత్తం 154. ఇంటర్వ్యూలో చెప్పిన అంకె తప్పన్నమాట.

అమీర్‌పేట_అరవింద్
ఇది మాత్రం అన్యాయం. ఒప్పుకుంటున్నా. పేరు మారినందుకు ఆడవాళ్ల పని సగం మాయమవడం ఏంటి?

ఉప్పల్_శ్రీనివాస్
పేర్ల విషయం మగవాళ్లకూ తక్కువేం లేదు. మనకు ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక. విదేశీ పత్రికలు చివరి మాటను ఇంటిపేరు అనుకుంటాయి. నా పేపర్ ఒకదాంట్లో "శ్రీనివాస్ కె", ఇంకోదాంట్లో "కుమార్ ఎస్", మూడోదాంట్లో "రావు కెఎస్". గూగుల్ స్కాలర్ నా ఖాతాలో ఎవరో శ్రీనివాస్ రాసిన వంతెనల ఇంజనీరింగ్ పేపర్లు కూడా చేర్చింది. పిల్లల డాక్టర్‌ని, కాంక్రీటు మీద 60 సైటేషన్లు వచ్చాయి నాకు.

నైట్‌డ్యూటీ_రెసిడెంట్
హైదరాబాద్ బస్సులో "శ్రీనివాస్" అని పిలిస్తే సగం మంది వెనక్కి తిరుగుతారు సార్. స్కాలర్ తప్పేముంది!

ఉప్పల్_శ్రీనివాస్
నవ్వొచ్చినా అది ప్రమాదమే తమ్ముడూ. ఆ 60 తీసేయకుండా అప్లికేషన్ పెట్టి ఉంటే నేను మోసగాడినయ్యేవాణ్ని. ఒక సాయంత్రం కూర్చుని ఒక్కొక్కటీ తీసేశాను.

లైబ్రరీ_కోఠి
అందుకే 2012లో ఓర్సిడ్ వచ్చింది. 16 అంకెల నంబర్, పేరు మారినా మారదు. ఉచితం. ఇంటర్న్‌గా ఉన్నప్పుడే తీసుకోండి, మొదటి పేపర్ నుంచీ అదే రాయండి. మేడమ్, స్కోపస్‌లో రెండు ప్రొఫైళ్లు కలపమని మీరే అభ్యర్థన పెట్టుకోవచ్చు. ఇంకో సంగతి, స్కోపస్‌లో, గూగుల్ స్కాలర్‌లో, వెబ్ ఆఫ్ సైన్స్‌లో మూడు వేర్వేరు హెచ్‌లు వస్తాయి. స్కాలర్ థీసిస్‌లు, ప్రీప్రింట్లు (పత్రికలో రాకముందే బయటపెట్టిన పేపర్లు) అన్నీ లెక్కలోకి తీసుకుంటుంది కాబట్టి దాంట్లోనే ఎక్కువ కనిపిస్తుంది. అంకె చెప్పేటప్పుడు ఎక్కడి అంకో, ఏ తేదీదో పక్కన రాయాలి.

ట్రయల్_కోఆర్డినేటర్_బంజారా
జాతీయ వైద్య కమిషన్ (ఎన్‌ఎంసీ) నిబంధనల్లో అసలు హెచ్-ఇండెక్స్ అడగరు కదా? పత్రిక మెడ్‌లైన్, పబ్‌మెడ్ సెంట్రల్, స్కోపస్, ఎంబేస్, డీఓఏజే లాంటి డేటాబేస్‌లలో ఉందా అనే చూస్తారు.

లైబ్రరీ_కోఠి
అవును. హెచ్ అనేది ప్యానెల్‌వాళ్లు సొంతంగా తెచ్చుకున్నది.

పాత_ప్రొఫెసర్_తార్నాక
ఇక్కడ ఒక తెలుగువాడి సంగతి చెప్పాలి. యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1925లో హార్వర్డ్‌లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను రంగుతో కొలిచే పద్ధతి రాశారు. శాస్త్ర చరిత్రలో ఎక్కువగా ఉటంకించిన పేపర్లలో అదొకటి. నేను ఎంబీబీఎస్ చదివేటప్పుడు బయోకెమిస్ట్రీ ల్యాబ్‌లో ఆ పద్ధతితోనే పరీక్ష చేశాం, రాసినవాడు భీమవరంలో పుట్టాడని మాకెవరూ చెప్పలేదు. ఇప్పుడు చూడండి. ఆయన అందులో రెండో రచయిత. హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు, 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్లిపోయారు. 1948లో ఫార్బర్ అనే అమెరికన్ డాక్టర్ పిల్లల లుకేమియా (రక్త క్యాన్సర్) మీద అమినోప్టెరిన్ అనే మందు వాడి రాసిన పేపర్ ప్రపంచాన్ని మార్చింది. ఆ మందు తయారైంది సుబ్బారావు గారి బృందంలో. పేపర్ మీద రచయితగా ఆయన పేరు లేదు. అదే ఏడాది ఆయన పోయారు. ఆయన పనిని ఏ ఇండెక్స్‌తో కొలుస్తాం?

అమీర్‌పేట_అరవింద్
సార్, అది అరుదైన ఉదాహరణ. మహానుభావుల్ని చూపించి మామూలు ప్రమోషన్లకు నియమాలు రాయలేం.

పాత_ప్రొఫెసర్_తార్నాక
సరే, మనిషిని వదిలేసి ఒక చిన్న పేపర్ సంగతి చెబుతా. బేగంపేటలో 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. డిసెంబర్‌లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వేశాడు. ఎన్ని దోమల మీద? రెండు. ఈ రోజుల్లో రెండు దోమలతో పేపర్ పంపితే శాంపిల్ చాలదని తిప్పి పంపుతారు. అప్పటివాళ్లు చదివారు కాబట్టి దాని విలువ తెలిసింది.

గణాంకాల_గోపి
కలకత్తాలో శంభునాథ్ డే కథ ఇంకా దగ్గరగా ఉంటుంది. కలరా క్రిమి ఒక విషాన్ని విడుదల చేస్తుందని 1959లో నేచర్ పత్రికలో చూపించాడు. చాలాకాలం పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఆయన 1985లో పోయాక, మరుసటి ఏడాది ఆయన గొప్పతనం గురించి ప్రత్యేకంగా రాసింది ఎవరో తెలుసా? సైటేషన్ లెక్కల పితామహుడు గార్‌ఫీల్డే.

గచ్చిబౌలి_వాసి
డాక్టర్‌ని కాను, సాఫ్ట్‌వేర్. మా అత్తయ్యకు మోకాలి మార్పిడి చేయించాలి. ఇద్దరు సర్జన్లను అనుకున్నాం. ఒకరి స్కాలర్ పేజీలో హెచ్ 19, రెండోవారికి పేజీయే లేదు. ఇదంతా చదివాక అయోమయంగా ఉంది. మొదటి ఆయన దగ్గరికే వెళ్లాలా?

ఉప్పల్_శ్రీనివాస్
హెచ్ చూసి మోకాలు అప్పగించకండి. ఏడాదికి ఎన్ని చేస్తారు, ఇన్ఫెక్షన్ వస్తే ఏం చేస్తారు, ఫిజియోథెరపీ ఎవరు చూస్తారు అని ఇద్దరినీ అడగండి.

ట్రయల్_కోఆర్డినేటర్_బంజారా
పూర్తిగా కొట్టిపారేయకండి కూడా. తన పేషెంట్లను ఐదేళ్ల తర్వాత పిలిచి ఎలా నడుస్తున్నారో రాసిన సర్జన్ అయితే, తన ఫలితాలు తనకు తెలుసన్నమాట. పేపర్ల సంఖ్య వదిలేసి ఆయన రాసింది దేని గురించో చూడండి.

గచ్చిబౌలి_వాసి
చూశాను. ఆయన పేపర్లలో ఎక్కువ ఎముకల టీబీ మీద. మోకాళ్ల మీద ఒక్కటే. ఇద్దరినీ కలిసి అడుగుతాం. థ్యాంక్స్.

నైట్‌డ్యూటీ_రెసిడెంట్
మా బ్యాచ్ టెలిగ్రామ్ గ్రూపులో వచ్చిన మెసేజ్ గురించి చెప్పాలా వద్దా అనుకుంటున్నా. "స్కోపస్ పేపర్ రెడీ. మొదటి పేరు 35 వేలు, మూడో పేరు 18 వేలు." ఏ విషయం మీదో కూడా రాయలేదు. మాలో ఇద్దరు కొన్నారు. నేను కొనలేదు. కానీ రేపు ఇంటర్వ్యూలో వాళ్లకే ఎక్కువ పేపర్లుంటాయని టెన్షన్‌గా ఉంది.

పాత_ప్రొఫెసర్_తార్నాక
కొనకపోవడం మంచి పని చేశావు నాయనా. అలాంటివి బయటపడితే పేపర్ ఉపసంహరిస్తారు, ఆ మచ్చ ఎప్పటికీ పోదు.

లైబ్రరీ_కోఠి
ఈ వ్యాపారంలో మన నగరానికి చెడ్డపేరు ఉంది, దాచి లాభం లేదు. హైదరాబాద్ కేంద్రంగా పత్రికలు నడిపిన ఒక సంస్థ మీద 2016లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు వేసింది. 2019లో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. పీర్ రివ్యూ (తోటి నిపుణులతో పేపర్ పరీక్ష చేయించడం) సరిగా చేయకుండానే చేస్తున్నామని చెప్పుకున్నారని, ఫీజు ముందు చెప్పలేదని ఆరోపణలు. ఇదే నగరంలో, ఇప్పుడు జాతీయ పోషకాహార సంస్థ అంటున్న చోట గోపాలన్, శ్రీకాంతియా అనే పరిశోధకులు జొన్న తినేవాళ్లలో పెల్లాగ్రా (విటమిన్ లోపంతో వచ్చే జబ్బు) గురించి 1960లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. వాళ్ల వివరణ మీద ఆ తర్వాత ఏళ్ల తరబడి వాదన నడిచింది, కాదన్నవాళ్లు కూడా ఆ పేపర్‌నే ఉటంకించారు. రెండూ హైదరాబాదే.

గణాంకాల_గోపి
కాదన్నవాళ్ల సైటేషన్ కూడా సైటేషనే, మంచి మాట. టీకాలకూ ఆటిజానికీ ముడిపెట్టిన 1998 నాటి వేక్‌ఫీల్డ్ పేపర్‌కు కుప్పలుగా సైటేషన్లున్నాయి. 2010లో లాన్సెట్ దాన్ని వెనక్కి తీసుకుంది. ఎన్నిసార్లు అన్నది లెక్కలో కనిపిస్తుంది, ఎందుకు అన్నది కనిపించదు.

అచ్చంపేట_ఎంఓ
ఈ చర్చ మూడు రోజులుగా చదువుతున్నా, ఖాతా ఈరోజే తెరిచాను. నల్లమల పక్కన పీహెచ్‌సీలో మెడికల్ ఆఫీసర్‌ని. పింజర మేడమ్, 20 నిమిషాల రక్తం గడ్డకట్టే పరీక్ష మీద చిన్న ఆసుపత్రుల కోసం పట్టిక ఒకటి ఉన్న పేపర్ మీదేనా? ఎడమవైపు టైమ్, కుడివైపు ఏం చేయాలో ఉంటుంది.

పింజర_డాక్టర్
నాదే. సున్నా సైటేషన్లు వచ్చిన నాలుగింటిలో అదొకటి.

అచ్చంపేట_ఎంఓ
మా లేబర్ రూమ్ బయట గోడకు అంటించి ఉంది మేడమ్. నాకన్నా ముందున్న డాక్టర్ ప్రింట్ తీసి పెట్టారు. పోయిన వానాకాలం పత్తి చేలో కాటు పడి ఒకావిడ వచ్చింది. రక్తం గడ్డకట్టలేదు, అంటే విషం ఎక్కింది. పట్టిక చూసి యాంటీవీనం (పాము విషానికి విరుగుడు మందు) మొదలుపెట్టి, అంబులెన్స్‌లో కూడా ఎక్కిస్తూ పంపాం. మొన్న సంతలో కనిపించింది, పలకరించింది. నేను పేపర్లు రాయను, కాబట్టి మిమ్మల్ని ఉటంకించలేదు. అందుకు ఏమీ అనుకోకండి.

అమీర్‌పేట_అరవింద్
మేడమ్, నేను ముందు రాసినదాంట్లో ఒకటి మారుస్తున్నా. అందరికీ కనిపించే కొలబద్ద కావాలన్నాను, ఇప్పటికీ అంటాను. కానీ ఈ గోడ ఏ కొలబద్దలోనూ కనిపించలేదు. ఈ ఎంఓ గారు రెండు వాక్యాల ఉత్తరం రాసిస్తే మీ ఫైల్‌లో పెట్టుకోవచ్చు కదా?

పాత_ప్రొఫెసర్_తార్నాక
పెట్టుకోవచ్చు, పెట్టుకోవాలి. నేను ప్యానెల్‌లో ఉంటే ముందు ఆ ఉత్తరమే చదివేవాణ్ని.

అచ్చంపేట_ఎంఓ
లెటర్‌హెడ్ మీద రాసిస్తా. పట్టిక ఫొటో కూడా జత చేస్తా.

పింజర_డాక్టర్
ఏం రాయాలో తెలియడం లేదు. నిన్న స్కోపస్‌లో ప్రొఫైళ్లు కలపమని అభ్యర్థన పెట్టాను. ప్యానెల్‌కు సవరించిన అంకె మెయిల్ చేశాను, కింద తేదీ, ఏ డేటాబేస్‌లోదో రాశాను. పోస్టు వస్తుందో రాదో ఇంకా చెప్పలేదు.

డాక్టర్ గారూ, ఫొటో తీసేటప్పుడు ఆ పట్టికలో రెండో గీత చూడండి. "గాజు గొట్టంలో 2 మి.లీ. రక్తం" అని మాత్రమే ఉంటుంది. అది మా తప్పు. సబ్బుతో కడిగిన గొట్టం వాడితే విషం లేకపోయినా రక్తం గడ్డకట్టకుండా ఉండిపోవచ్చు. ప్లాస్టిక్‌దైతే అసలు వద్దు. శుభ్రంగా, పొడిగా ఉన్న కొత్త గాజు గొట్టం కావాలి, 20 నిమిషాలు కదపకూడదు. సరిచేసిన పట్టిక ఈ రాత్రికి ఇక్కడే పెడతాను. పాతది పీకేసి ఇది అంటించండి. మీ దగ్గర గాజు గొట్టాలు స్టాకు ఎన్ని ఉన్నాయి?

అచ్చంపేట_ఎంఓ
పది లోపే మేడమ్. రేపే ఇండెంట్ పెడతా.